బానెట్టును లేపే గాలి

కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనో బండి తోలాలని ముచ్చటపడే కుర్రవాళ్లు ఇనుప బానెట్టు తీసి తేలికపాటి ఫైబరుది వేయిస్తారు. వద్దనను, అన్నా వినరు. వేగం హెచ్చేసరికి దాని ముందంచు వణకుతున్నదంటే మాత్రం బిగింపును ఒక్కదాన్నే తప్పుపట్టరాదు.

బండి ముక్కు దాటి పైకి వంగేచోట గాలి వేగం హెచ్చి ఒత్తిడి తగ్గుతుంది. జాలీగుండా లోపల దూరిన గాలి, బయటికి పోయే చోటు చాలక కిందినుంచి నెడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 48 కిలోల బరువుకు సమానం. బానెట్టును లేపేది అందులో కొంత భాగమే. కాని వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది గదా!

వేడి పోతుందని కొందరు మడతబందుల కింద వాషర్లు వేసి వెనుక అంచును ఎత్తుతారు. బండి ఆగివుంటే పోతుంది, నిజమే. పరుగులోనో, అద్దం మొదట్లో ఒత్తిడి ఎక్కువ కనుక గాలి అటునుంచి లోపలికే తోసుకువస్తుంది. కారులోపలికి గాలి తీసుకొనే జాలీ అక్కడే అమర్చటానికి కారణమదే.

ముందు రేడియేటరు చుట్టూ సందులు మూయించాలి. కంతలు కావాలంటే రేడియేటరుకు కాస్త వెనుక, బానెట్టు ముందు భాగంలో పెట్టించాలి. కంత అంచున ఉన్ని పోగులు అంటించి, ఖాళీ ట్రాకు మీద పక్క బండిలోని మనిషిని చూడమంటే గాలి ఎటు పోతున్నదో తెలిసిపోతుంది.

వీటన్నిటికన్న ముందు రెండు వైపులా పిన్నులు వేయించండి. కొక్కెం ఊడితే బానెట్టు లేచి అద్దాన్ని కప్పేస్తుంది, దారి కనబడదు.