అమ్మకం పన్ను - పేదవాని పళ్లెం

ఆదాయపు పన్నును రద్దు చేసి, దాని స్థానంలో దేశమంతటికీ ఒకే అమ్మకం పన్ను విధించాలన్న వాదన మన దేశంలోనూ అప్పుడప్పుడు వినవస్తున్నది. ఈ ఆలోచనతోనే అమెరికా ప్రతినిధుల సభలో ‘ఫెయిర్ టాక్స్’ బిల్లు 1999 నుండి పలుమార్లు ప్రవేశపెట్టబడింది. నిత్యావసరాలపై పడే పన్నుకు బదులుగా ప్రతి కుటుంబానికి నెలనెలా ముందుగానే కొంత సొమ్ము చెల్లించే ఏర్పాటైనా అందులో ఉన్నది.

మన జీఎస్టీలో అటువంటి చెల్లింపు లేదు. పేదవానికి ఉన్న రక్షణ వస్తువులవారీ మినహాయింపులు, తక్కువ రేట్లు మాత్రమే. అవి ఎంత బలహీనమైనవో 2022 జూలై 18న చూశాము. బ్రాండు లేకున్నా సరే, లేబుల్ వేసిన 25 కిలోల లోపు బియ్యం, పిండి, పప్పుల ప్యాకెట్లపై 5 శాతం పన్ను పడింది. అందుకు పార్లమెంటులో ఓటింగు అక్కరలేకపోయింది; ఒక నోటిఫికేషన్ సరిపోయింది.

కుట్టుమిషనుపై ఇల్లు నడిపే తల్లి తన సంపాదనంతా ఇంటి ఖర్చుకే వెచ్చిస్తుంది. కోటీశ్వరుడు ఖర్చు చేసేది కొంతే. ఖర్చుపైనే పన్ను వేస్తే అతని మిగులుకు పన్నే ఉండదు. నిసాబ్‌కు చేరని వానిపై జకాత్ లేదని ఎరిగిన మన పాఠకులకు ఇందులోని అన్యాయం వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక ఆదాయపు పన్ను కొనసాగాలి. తిండిగింజల మినహాయింపు చట్టంలోనే ఉండాలి. జీఎస్టీ మండలిలో కూర్చునే మన రెండు తెలుగు రాష్ట్రాల మంత్రులను మన సంఘాలు ఈ మాట లిఖితపూర్వకంగా అడగాలని కోరుతున్నాము.