జ్వరం బిళ్ల, నొప్పుల బిళ్ల, జలుబు బిళ్ల: మూడింట్లోనూ పారాసిటమాలే ఉంటే?

చింతలపూడి నుంచి నూజివీడు దాకా ఏప్రిల్, మే నెలల్లో మామిడి కోతల పని. ఎండలో చిక్కం పట్టి కాయ దించినవాళ్లు సాయంత్రానికి ఒళ్లునొప్పుల బిళ్ల వేసుకోవడం మామూలే. వానలు పడ్డాక అవే ఊళ్లలో జ్వరాలు. రెండు కాలాల్లోనూ చేతికందే మందు పారాసిటమాల్. సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, ఆశా కార్యకర్త కిట్‌లోనూ ఉంటుంది. మోతాదులో వాడితే ఇది సురక్షితమైన మందే. చిక్కంతా లెక్క తప్పడంలోనే ఉంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు గరిష్ఠ పరిమితి 4,000 మిల్లీగ్రాములు. ఒక్కో మోతాదుకు మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల విరామం ఉండాలి. ఇప్పుడు ఈ లెక్క చూడండి. జ్వరానికి 650 బిళ్ల మూడు పూటలా వేస్తే 1,950. ఒళ్లునొప్పులకు షాపులో ఇచ్చిన ‘కాంబినేషన్’ బిళ్లలో 325 ఉంటుంది, రెండు పూటలకు 650. జలుబు బిళ్లలో 500 ఉంటే మూడు పూటలకు 1,500. మొత్తం 4,100. మనిషి మాత్రం మూడు వేర్వేరు మందులు వాడుతున్నాననే అనుకుంటాడు.

కాంబినేషన్ల ముప్పు కేంద్రానికి తెలియనిది కాదు. డాక్టర్ చీటీతో అమ్మే మిశ్రమ మందుల్లో పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు దాటకూడదని 2011లోనే నిర్ణయించింది. కానీ రెండు మూడు రకాలు కలిపి మింగేవారిని ఆ నిబంధన ఆపలేదు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవాల్సింది మనమే. రోజూ మందు తాగేవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, బాగా బక్కచిక్కినవాళ్లు 4,000 దాకా వెళ్లనే కూడదు. తమకు ఎంత సరిపోతుందో డాక్టర్‌నే అడగాలి.

పిల్లలకు వయసును బట్టి కాదు, బరువును బట్టి మోతాదు: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. పది కిలోల బిడ్డకు ఒకసారికి 150 మించకూడదు. 250 సిరప్ అయితే 3 మిల్లీలీటర్లు, 100 డ్రాప్స్ అయితే ఒకటిన్నర. డ్రాప్స్‌ను సిరప్ అనుకుని ఐదు మిల్లీలీటర్ల చెంచాతో పోస్తే ఒక్కసారే 500 లోపలికి వెళ్తుంది. సీసాతో వచ్చిన కొలత మూతనే వాడండి, వంటింటి చెంచా వద్దు.

జ్వరం తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు జ్వరం, దగ్గు మందులు కొన్నవారి వివరాలు రాసుకోవాలని మెడికల్ షాపులకు చెప్పాయి. బిళ్ల వేసుకుని ఇంట్లోనే ఉండిపోయే కొవిడ్ అనుమానితులను పట్టుకోవడానికే అది. ఆ తర్వాత అందరూ మరిచిపోయినా, అందులోని విషయం డెంగీకీ వర్తిస్తుంది. డెంగీలో జ్వరం దిగే మూడో రోజు నుంచి ఏడో రోజు వరకే అసలు ప్రమాదం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఆర్‌ఎంపీ నొప్పికి ఇంజెక్షన్ వేస్తానంటే అందులో ఏముందో అడగండి, అడిగితే తప్పేమీ లేదు.

వడదెబ్బ సంగతి వేరు. తోటలో పడిపోయిన మనిషి ఒళ్లు కాలిపోతున్నా అది జ్వరం కాదు, పారాసిటమాల్ పనిచేయదు. నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి, గాలి తగలనిచ్చి 108కి ఫోన్ చేయాలి.

మోతాదు మించినా మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు, మహా అయితే వికారం, వాంతులు. కాలేయం దెబ్బతిన్న లక్షణాలు రెండు మూడు రోజులకు బయటపడతాయి. విరుగుడు ఉంది, ఎన్-అసిటైల్‌సిస్టీన్. ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అందుకే ఎక్కువ మింగారని తెలిస్తే ‘బాగానే ఉన్నాడుగా’ అని ఆగకండి. వేసుకున్న బిళ్లల ఖాళీ స్ట్రిప్‌లు, సీసాలు కూడా వెంట పట్టుకెళ్లండి. ఏ మందు ఎంత వేసుకున్నారో డాక్టర్ మొదట అడిగేది అదే.