కొలత ఉంటేనే నమూనా

సైన్సు ఫెయిర్ తేదీ ప్రకటించగానే మన హాస్టళ్ళలో థర్మోకోలు షీట్లు, రంగు కాగితాలు, స్కెచ్ పెన్నుల కొనుగోలు మొదలవుతుంది. అగ్నిపర్వతం, సౌరకుటుంబం, ఇంకుడుగుంట... ఏళ్ళ తరబడి ఇవే తయారవుతున్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ వాటిలో చాలావాటికి కొలత ఉండదు. కొలత లేనిది బొమ్మ అవుతుందేగానీ నమూనా కాదు. ఈ తేడా మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. మేము ఎంచుకున్న ఉదాహరణ ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కు. కొన్ని ఊళ్ళలో దాన్నే ట్రాలీ అంటారు, కొన్నిచోట్ల డబ్బా అంటారు. పేరు ఏదైనా మనందరికీ తెలిసిన బండే.

ఇంగ్లండు, జర్మనీ, అమెరికా వంటి దేశాల్లో వ్యవసాయ బండ్ల నమూనాలు కట్టడం పెద్దవాళ్ళు సైతం ఇష్టంగా చేసే పని. ఇంగ్లండులో సీసపు సైనికుల బొమ్మలకు పేరుపొందిన బ్రిటన్స్ కంపెనీ, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆవులు, గొర్రెలు, పొలం బండ్ల బొమ్మలు చేయడం మొదలుపెట్టింది. అమెరికాలో అయొవా రాష్ట్రంలోని డయర్స్‌విల్ అనే చిన్న పట్టణంలో కేవలం వ్యవసాయ బొమ్మల కోసమే ఒక మ్యూజియం ఉంది. దాన్ని 1986లో తెరిచారు. తాతలు నడిపిన యంత్రాలను అక్కడివాళ్ళు అద్దాల బీరువాల్లో పెట్టి చూసుకుంటున్నారు. మనవాళ్ళు చెమటోడ్చిన పనిముట్లకు ఆ గౌరవం ఎందుకు ఉండకూడదు?

అక్కడ ఈ నమూనాలు కిట్లుగా దొరుకుతాయి. పెట్టె విప్పితే అట్టంత పల్చని ఇత్తడి రేకులు, పోతపోసిన చిన్న చిన్న లోహపు భాగాలు, రబ్బరు టైర్లు, నంబర్ల స్టిక్కర్లు, గీసిన పటం ఉంటాయి. రేకును గీత వెంట వంచాలి, టంకం పెట్టాలి, చట్రం మూలమట్టంగా ఉందో లేదో చూడాలి, ఆ తర్వాతే ఇరుసు బిగించాలి. ముందు చట్రం వంకరపోతే చివర్లో నాలుగు చక్రాలూ నేలకు ఆనవు. చివరగా రంగు వేసి, తుప్పు మరకలు, బురద చారలు కూడా దిద్దుతారు. తొందరపడేవాడికి ఈ పని లొంగదు.

వ్యవసాయ నమూనాలకు ఎక్కువగా వాడే స్కేలు 1:32. అంటే అసలు బండి మీద 32 సెంటీమీటర్లు నమూనాలో 1 సెంటీమీటరు. పది అడుగుల ట్రక్కు పొడవు తొమ్మిదిన్నర సెంటీమీటర్లకు, ఆరడుగుల వెడల్పు 5.7 సెంటీమీటర్లకు వస్తుంది. ఇంతవరకు తేలికే. ట్రక్కు డోరుకు వాడిన 3 మిల్లీమీటర్ల రేకు ఈ లెక్కన 0.09 మిల్లీమీటర్లు కావాలి. అది నోటుబుక్కు కాగితం మందం! అందుకే కట్టేవాడు ఎక్కడ కొలతను పాటించాలో, ఎక్కడ సర్దుకోవాలో ఆలోచించుకోవాల్సి వస్తుంది. ఇక బరువు సంగతి చూడండి. పొడవు 32 రెట్లు తగ్గితే బరువు 32ను మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే 32,768 రెట్లు తగ్గుతుంది. మూడు టన్నుల ట్రక్కు 92 గ్రాములకు దిగుతుంది. ఘనపరిమాణం పాఠం వంద లెక్కలు చేసినా ఇంత బాగా బుర్రకెక్కదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ ట్రక్కుల్లో ధాన్యం బస్తాలే కాదు, మన అమ్మలు, అక్కలు కూడా ప్రయాణం చేస్తున్నారు. మిరప కోతలకు, పత్తి తీతలకు, నాట్లకు తెల్లవారుజామున ట్రక్కు నిండా ఎక్కి వెళ్తారు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలో కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో పడి మరో 15 మంది చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఆడకూలీలే. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదని అందరికీ తెలుసు. అయినా వేరే బండి లేనప్పుడు, కూలి పోగొట్టుకోలేనప్పుడు ఎక్కక తప్పడం లేదు.

కొలతతో కట్టిన నమూనా ఇక్కడ మాట్లాడుతుంది. బరువులను కూడా అదే నిష్పత్తిలో, అదే ఎత్తులో పెడితే, నిలిపి ఉంచిన అసలు బండి ఏ వాలులో పడిపోతుందో నమూనా కూడా దాదాపు అదే వాలులో పడిపోతుంది. చక్రాల మధ్య దూరం 5 అడుగులు అనుకుందాం. మొత్తం బరువు కేంద్రం నేలనుంచి 4 అడుగుల ఎత్తులో ఉంటే బండి పక్కకు 32 డిగ్రీలు వాలేదాకా నిలబడుతుంది. జనం నిలబడి, ఆ కేంద్రం 5 అడుగులకు చేరితే 27 డిగ్రీలకే పడుతుంది. నిజమైన రోడ్డు మీద గాలి తగ్గిన టైరు, ఊగే కమాను పట్టీలు, జారే కాలువ గట్టు, మలుపులో వేగం కలిస్తే ఇంకా ముందే పడుతుంది. ప్రతి ప్రమాదానికీ కారణం ఇదొక్కటే అని మేము అనడం లేదు. కానీ ఒక చెక్క పలక, ఒక కోణమాని, నమూనా ట్రక్కు ఉంటే "నిలబడకండి, కింద కూర్చోండి" అనే మాటను ఊళ్ళో అందరి కళ్ళముందూ రుజువు చేయవచ్చు. డ్రైవరన్నకు కూడా చూపించవచ్చు.

"కూలిపని తప్పించాలనే కదా మిమ్మల్ని హాస్టల్లో వేసింది, మళ్ళీ ఆ ట్రక్కు బొమ్మలేనా?" అని పెద్దలు అడగవచ్చు. "దీనివల్ల గ్రూప్స్‌లో మార్కులొస్తాయా?" అని మిత్రులు అడగవచ్చు. ఇళ్ళల్లో మొదటిసారి డిగ్రీ పట్టా చూసిన మాలాంటి వాళ్ళకు ఆ ప్రశ్నల వెనకున్న భయం తెలుసు. మా జవాబు ఒక్కటే. ఆ బండి ఎక్కడం వేరు, ఆ బండిని కొలిచి గీసి లెక్కగట్టడం వేరు. చదువు మనల్ని మన ఊరి పని నుంచి దూరం చేయడానికే అయితే, ఆ పనిని మార్చేవాళ్ళు ఎవరు?

విదేశీ కిట్టు మనకు అక్కరలేదు, అంత ఖరీదు పెట్టలేం కూడా. మన ట్రక్కులు చాలావరకు పక్క టౌనులోని వెల్డింగు షాపుల్లోనే తయారవుతాయి. కాబట్టి మన కిట్టును మనమే తయారు చేసుకోవాలి. సెలవులకు వెళ్ళినప్పుడు టేపు పట్టుకుని ఒక ట్రక్కు కొలవండి. పొడవు, వెడల్పు, డోరు ఎత్తు, ఇరుసు ఎక్కడుంది, కొక్కెం నేలకు ఎంత ఎత్తులో ఉంది, అన్నీ రాసుకోండి. వెల్డింగు చేసే అన్నను అడిగితే పుస్తకాల్లో లేనివెన్నో చెబుతాడు. గ్రాఫు కాగితం మీద గీసి, పాత ఫైలు అట్టతో, సైకిలు చువ్వతో, తెగిన చెప్పు రబ్బరుతో కట్టవచ్చు. తెల్లపొణికి చెక్కతో ఎడ్లబండిని చేసిన కొండపల్లి కళాకారులు మనవాళ్ళే. చేతిపని మనకు కొత్త కాదు. దానికి కొలతను జోడించడమే మిగిలింది.

వార్డెన్ గారికి, పూర్వవిద్యార్థులకు మా విన్నపం: స్టడీహాల్లో ఒక బీరువా, ఒక స్టీలు స్కేలు, ఒక వెర్నియర్, కట్టర్లు, ఒక సోల్డరింగ్ ఐరన్ ఇప్పించండి. నెలకు ఒక ఆదివారం మేము వచ్చి నేర్పుతాం. వచ్చే వార్షికోత్సవానికి ఆ బీరువాలో మొదటి ట్రక్కు ఉండాలి. దాని కింద కట్టిన విద్యార్థి పేరుతోపాటు, "స్కేలు 1:32" అని కూడా రాసి ఉండాలి.