టెలిఫోనునకు రెండవ సర్వరు ఎచట నుండవలెను?

బోయిగూడలోని మన సంఘ కార్యాలయమునకు పల్లెలనుండి వచ్చు పిలుపులు ఇప్పుడు రాగితీగెలపై వచ్చుటలేదు. ఇంటర్నెట్టు మార్గమున వచ్చి, వెనుక గదిలోని సర్వరు అను యంత్రమును చేరి, అది చూపిన బల్లమీది టెలిఫోనున మ్రోగుచున్నవి. ఖర్చు తగ్గినది, ఒకే నెంబరునకు పదిమంది ఒక్కమారు పిలిచినను జవాబు దొరకుచున్నది. ఈ మార్పును మేమును మెచ్చితిమి. అయితే ఆ యొక్క యంత్రము నిలిచిపోయిన నాడు సంఘమునకు నోరుండదను సంగతి సభ్యులలో పలువురకు తెలియదు.

2025 ఖరీఫులో తెలంగాణ రైతులు యూరియాకై సహకార సంఘముల యెదుట తెల్లవారకమునుపే బారులు తీరిరి. ఆ దినములలోనే ఒకనాడు కరెంటు పోయి వచ్చిన తరువాత మన సర్వరు మరల లేవలేదు. సాయంకాలమువరకు పిలిచినవారి కెల్ల నిశ్శబ్దమే జవాబు. లారీ బయలుదేరినదో లేదో తెలియక, పని మానుకొని గోదామువరకు వచ్చి వట్టి చేతులతో మరలిన రైతులు మాతో మొరపెట్టుకొనిరి. పంట తెగుళ్ళను గూర్చియైనచో 2004 నుండి నడచుచున్న కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 నెంబరున సలహా చెప్పును. మన గోదామున బస్తాలెన్ని యున్నవో చెప్పవలసినది మన టెలిఫోనే.

కార్యవర్గమువారు రెండవ సర్వరును కొనుటకు సమ్మతించిరి. సంతోషము. కాని దానిని మొదటిదాని ప్రక్కనే, ఆ గదిలోనే నిలుపుదురని వినుచున్నాము. దీనిని మేము ఆక్షేపించుచున్నాము.

వారి వాదమున కొంత న్యాయము లేకపోలేదు. రెండు యంత్రము లొకచో నున్నచో, రెండవది మొదటిదాని నాడిని క్షణక్షణము చూచుచుండును. నాడి అందని వెంటనే దాని చిరునామాను తానే ధరించి పని నందుకొనును. పనివారు దీనినే ఫెయిలోవరు అందురు. బల్లమీది టెలిఫోనులకు యజమాని మారిన సంగతియే తెలియదు. అప్పటికి నడచుచున్న సంభాషణ తెగవచ్చును గాని, మరల పిలిచినచో కొద్ది క్షణములలో పలుకును. అయితే మొదటి యంత్రమును పడగొట్టునది సాధారణముగా నేది? కరెంటు, వేడి, తెగిన తీగె, తీగెలను కొరికిన ఎలుక. ఇవి ఒకే గదిలోని రెంటిలో ఒకదానిని విడిచిపెట్టునా? పైగా మన పేట కలప డిపోలతోను తుక్కు గోదాములతోను ఇరుకైనది. 2022 మార్చి 23వ తేదీన బోయిగూడలోని తుక్కు గోదామున నిప్పంటుకొని బీహారునుండి వచ్చిన 11 మంది కూలీలు మరణించిరి. ఆ ప్రాణనష్టము ముందు యంత్రముల మాట యెత్తుటకే మనసు రాదు. అయినను ఈ వీధిలో నివసించువారు ఆ దినమును మరచి ఏర్పాట్లు చేయరాదు.

కావున రెండవ సర్వరు వేరొక చోట, వేరొక కరెంటు లైనుపై నుండవలెను. దూరమున నున్నపుడు మొదటిదాని చిరునామాను తొడుగుకొనుట సాధ్యపడదు. ప్రతి టెలిఫోనునకును రెండు చిరునామాలు ముందే నేర్పవలెను. టెలిఫోను తన సర్వరునకు "నేనిచట నున్నాను" అని గడువు గడువునకు నమోదు చెప్పుకొనును. ఆ గడువు అనేకచోట్ల 3600 సెకండ్లుగా నుండును. అనగా మొదటి సర్వరు చచ్చినను గంటసేపు టెలిఫోనునకు ఆ యెరుక కలుగకపోవచ్చును. దీనిని ఒకటి రెండు నిమిషములకు తగ్గించవలెను. బయటి పిలుపులను మనకందించు కంపెనీవారికిని రెండవ చిరునామా నీయవలెను. ఇది మరచినచో లోపలి యేర్పాటంతయు వృథా. రెండు సర్వరులును పలుకనిచో పిలుపు కార్యదర్శిగారి సెల్‌ఫోనునకు మరలునట్లు కంపెనీవద్దనే వ్రాయించుట మరియు మేలు. దీనికగు ఖర్చు స్వల్పము.

ఇంటర్నెట్టు లైనులు రెండుండవలెననుట అందరును ఒప్పుకొన్నదే. ఆ రెండును ఒక కంపెనీవే అయినచో అవి ఒకటే. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ అను కంపెనీ తన వలయొక్క నడిబొడ్డున మార్పు చేయబోగా, సెల్‌ఫోనులు, ఇంటి టెలిఫోనులు, ఇంటర్నెట్టు ఒక్కసారిగా ఆగినవి. కోటి మందికి పైగా ఖాతాదారులు చిక్కుపడిరి. 911 అను అత్యవసరపు నెంబరునకు గూడ అనేకుల పిలుపులు చేరలేదు. అన్నిటికిని మూల మొక్కటే యగుట దానికి కారణము.

దూరపు సర్వరునందును ఒక చిక్కు కలదు. రెంటి నడుమ తీగె మాత్రమే తెగి, రెండును బ్రతికియున్నచో, ఎదుటిది చచ్చినదని తలచి రెండును అధికారము వహించును. ఒక గ్రామమున ఇద్దరు కరణములు చెరియొక లెక్క వ్రాసినట్లగును. దీనికి మూడవచోట నొక సాక్షి యంత్రము నుంచుట మంచిది. మొదటి సర్వరున మార్చిన రహస్యపదములు, పేర్లు రాత్రి రాత్రి రెండవదానికి నకలు కావలెను. లేనిచో ఆపదవేళ అది మన టెలిఫోనులనే గుర్తుపట్టక తరిమివేయును.

అన్నిటికంటె పరీక్ష ముఖ్యము. నెలకొకసారి పట్టపగలు మొదటి సర్వరు ప్లగ్గును గుమాస్తా పీకవలెను; బయటినుండి ఒక సభ్యుడు పిలిచి చూడవలెను. అట్లు చేయుటకు జంకు కలిగినచో రెండవ సర్వరుపై మనకే నమ్మకము లేదన్నమాట. మరల మొదటిదానికి మారుట మాత్రము రాత్రివేళ, మనిషి చేతితోనే జరుగుట క్షేమము.

యంత్రమును కొనుటకు మారుగా, నగరము వెలుపల డేటా సెంటరున నెలకింతయని అద్దెకు తీసికొనవలెనని మా యభిప్రాయము. పల్లెలోని శాఖలో పెట్టవచ్చును గాని దుమ్ము, వేడి, కరెంటు కోతలు చూచుకొనువారెవరు? అద్దె బరువని కొందరందురు. ప్రాథమిక సంఘములు 63,000 కంప్యూటరులపై నడచుటకు కేంద్రప్రభుత్వము 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. లెక్కలు యంత్రముపై నెక్కిన కాలమున, ఆ లెక్క రైతు చెవి చేరు దారికి పెట్టు ఖర్చు దుబారా కాదు.

రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు కార్యవర్గము నడుగవలసిన ప్రశ్నలు రెండు: రెండవ సర్వరు ఏ యూర నున్నది? ప్లగ్గును కడపటిసారి పీకి చూచినది ఏ తేదీన?