ఆగి ఉన్న లారీదేం తప్పు అంటారా?

ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగు రోడ్ల మీద రాత్రిపూట తిరిగేవాళ్లకు ఇది కొత్త కాదు. ఆర్‌టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) బూడిద టిప్పర్లు, సిమెంటు లారీలు, నాపరాళ్ల లోడ్లు, పులివెందుల అరటికాయల బండ్లు. ఒకదానికి టైరు పంచరైతే డ్రైవరు ఉన్నచోటే ఆపి, వెనక నాలుగు రాళ్లు పెట్టి ఓ కంపకొమ్మ పడేస్తాడు. రెడ్ లైటు, సిగ్నలు అన్నీ అదే. టైరు మార్చుకుని లారీ పోతుంది, రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి.

ఆ చీకట్లో వెనక నుంచి కారు గుద్దితే బానెట్ లారీ కిందికి దూరిపోతుంది. బంపరు కాచుకోవాల్సిన దెబ్బ నేరుగా అద్దానికి, మనిషి తలకు తగులుతుంది. బతికి బయటపడినా తలకు, మెడపూసలకు గాయాలు. బైకు మీద వచ్చినవాడి సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే లారీ వెనక అడ్డంగా గట్టి కమ్మీ ఉండాలని, దాని కింది అంచు నేల నుంచి 55 సెంటీమీటర్లకు మించకూడదని నిబంధన పెట్టారు. రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడి చూడండి. కమ్మీ వంగిపోయినవీ, వెలుగు పడితే మెరవాల్సిన ఎర్ర స్టిక్కరు మీద బూడిద పేరుకుపోయినవీ మీకే కనిపిస్తాయి.

ఇంత జరిగాక ఎఫ్‌ఐఆర్‌లో ఏం రాస్తారు? అతివేగంగా, అజాగ్రత్తగా వచ్చి ఆగి ఉన్న లారీని ఢీకొన్నాడని. నిందితుడు చనిపోయినవాడే కాబట్టి కేసు మూత. లారీకి లైటు లేదని చెప్పడానికి అతను లేచి రాడు కదా. రేపు పరిహారం కేసులో బీమా కంపెనీ వకీలు పట్టుకునేదీ ఆ కాగితాన్నే. సగం తప్పు మీదే అంటే ఇరవై లక్షలు పదవుతాయి.

చట్టం మాత్రం ఇలా లేదు. ఇతరులకు ప్రమాదం కలిగేలా రోడ్డు మీద బండి వదిలేయకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను చెబుతోంది. కర్ణాటకకు చెందిన సుష్మ కేసులో, పార్కింగ్ లైట్లు లేకుండా హైవే మీద వదిలేసిన లారీదే పూర్తి తప్పని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కారు డ్రైవరు తప్పును అందులో కూర్చున్నవాళ్ల నెత్తిన రుద్దకూడదని కూడా చెప్పింది. అలాగని ప్రతి కేసూ ఇంతే అనుకోవద్దు. ముందు వెళుతున్న లారీ సడన్ బ్రేకు వేసిన నిషాన్ సింగ్ కేసులో, ఎడం పాటించని కారుదే తప్పని 2018లో అదే కోర్టు అంది.

అంటే బండి ఆగి ఉందా, కదులుతోందా, లైటు వెలుగుతోందా అన్నదే లెక్క. అది ఆ రాత్రే రికార్డు కావాలి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) వచ్చి బ్రేకులు చూసి, యాంత్రిక లోపం లేదని రాసి పోతే సరిపోదు. వెనక లైట్లు, స్టిక్కరు, టేపు పెట్టి కొలిచిన కమ్మీ ఎత్తు ఫొటోలతో సహా రిపోర్టులో ఉండాలి. జిల్లా ఎస్పీ ఒక్క సర్క్యులర్ ఇస్తే అయ్యే పని. ఇక శిక్ష చూస్తే, రోడ్డుకు అడ్డం పెట్టినందుకు పాత ఐపీసీలో జరిమానా రెండు వందలు, కొత్త న్యాయ సంహితలో ఐదు వేల దాకా. ఒక్క టైరు ఖరీదు కూడా కాదు!

బాధితుల ఇంట్లోవాళ్లకు ఒక మాట. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరుండే జిల్లాలోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లోనే పరిహారం కేసు వేయొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి దానికి ఆరు నెలల గడువు అమల్లోకి వచ్చింది. దినాలు అయ్యేదాకా ఆగకుండా, ఇంట్లో ఎవరో ఒకరు స్టేషన్‌కు వెళ్లి లారీ విడుదల కాకముందే దాని వెనక భాగాన్ని ఫొటో తీసుకోండి, ఎంవీఐ రిపోర్టు నకలు అడగండి.