పేరు కుదరకపోతే కార్డు గల్లంతే

సరుకుకే కాదు, సమాచారానికీ గోదాములున్నాయి. రోజూ వచ్చిపడే వివరాలను ముందు క్లౌడ్‌లో ఫైళ్లుగా పోగేస్తారు. అడిగిన లెక్కకు వెంటనే జవాబు రావాలంటే వాటిని పట్టికల రూపంలో డేటా వేర్‌హౌస్‌లోకి ఎక్కించాలి. అమెజాన్ సంస్థ 2006లో ఎస్3 పేరిట క్లౌడ్ నిల్వను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 2013లో రెడ్‌షిఫ్ట్ అనే గోదామును అందుబాటులోకి తెచ్చింది. అందులోంచి ఇందులోకి కోట్ల వరుసలు చేరడానికి 'కాపీ' అనే ఒక్క ఆదేశం చాలు.

చిక్కంతా దానికి తగిలించే షరతులతోనే. తేదీ ఉండాల్సిన గడిలో ఊరి పేరు కనిపిస్తే పని మొత్తం ఆపేయొచ్చు, లేదా ఆ వరుసను వదిలేసి ముందుకు సాగొచ్చు. ఎన్ని తప్పుల వరకు సహించాలో రెడ్‌షిఫ్ట్‌కు ముందే చెప్పొచ్చు. ఒకే ఫైలు రెండుసార్లు ఎక్కకుండా స్నోఫ్లేక్ అనే మరో గోదాము 64 రోజుల చిట్టా దగ్గరుంచుకుంటుంది. ఇలాంటి తప్పులను యంత్రమే పట్టేస్తుంది. వదిలేసిన వరుసల జాబితానూ అదే ఇస్తుంది. దాన్ని తెరిచి చూడాల్సింది మాత్రం మనిషి.

యంత్రానికి అంతుపట్టనివి పేర్లు. రైల్వే కొలువులతో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ చేరిన తెలుగువారి సంగతే చూడండి. ఇంటిపేరు ముందుండటం మన అలవాటు, చివర ఉండటం అక్కడి పద్ధతి. తార్‌బహార్ చిరునామాతో ఒక కాగితంలో 'కె. వెంకటరావు', మరో కాగితంలో 'వెంకట్ రావ్' అని ఉంటే యంత్రం ఇద్దరనుకోవచ్చు. నిజంగానే ఇద్దరు వెంకటరావులుంటే ఒక్కరనుకోవచ్చు. రెండు వరుసల్లోనూ గడులన్నీ సరిగ్గానే ఉంటాయి కాబట్టి తప్పుల జాబితాలో ఇది కనిపించదు.

దీని మూల్యం ఎంతో తెలంగాణలో తెలిసొచ్చింది. వేర్వేరు శాఖల వివరాలను కలిపి, పేర్లూ చిరునామాలూ సరిపోల్చే 'సమగ్ర వేదిక'ను రాష్ట్ర ప్రభుత్వం రేషన్ కార్డుల ఏరివేతకు వాడింది. రిక్షా లాగి బతికిన ఓ హైదరాబాద్ వాసికి కారుందని లెక్క తేలిన వైనాన్ని 2024లో అల్ జజీరా బయటపెట్టింది. ఆ కారు దాదాపు అదే పేరున్న మరొకరిది. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులపై క్షేత్రస్థాయిలో మళ్లీ విచారణ జరపాలని సుప్రీంకోర్టు ఆదేశించింది.

అనర్హులను ఏరేయడం అవసరమే, అందుకు లెక్కలన్నీ ఒకచోటికి చేర్చడమూ తప్పు కాదు. కానీ యంత్రం అనుమానించగలదే తప్ప తీర్పు చెప్పలేదు. కార్డు కొట్టేసే ముందు ఒక నోటీసు, ఇంటికొచ్చి విచారించే ఒక ఉద్యోగి ఉంటే చాలా తప్పులు అక్కడే ఆగిపోతాయి. గోదాములోకి ఎన్ని వరుసలు చేరాయో చెప్పే నివేదికలకు కొదవ లేదు. ఎన్ని చేరలేదో, ఎవరిని ఎవరితో కలిపేశారో కూడా అందులో ఉండాలి. ఎందుకంటే అక్కడ తప్పిపోయే ఒక్కో వరుస వెనక ఒక ఇంటి బియ్యం ఉంది.