తెరమీద పిల్లి... తెరముందు టామీ!

రాత్రి ఎనిమిదిన్నర. సీరియల్లో అత్తగారు కోడలి మీద కళ్లెర్రజేస్తుంటే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. సోఫా కింద టామీ మాత్రం హాయిగా కునుకు తీస్తుంటుంది. మధ్యలో ఓ ప్రకటన వస్తుంది. అందులో కుక్కపిల్ల 'భౌ' అంటుంది. అంతే! టామీ చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఒక్క ఉదుటున లేచి టీవీ ముందుకొస్తుంది. తెరకు ముక్కు ఆనించి వాసన చూస్తుంది. ఆ కుక్కపిల్ల తెర మీద కుడిపక్కకు వెళ్లి మాయమైతే తనూ టీవీ వెనక్కి వెళ్లి వెతుకుతుంది. అక్కడ వైర్లూ దుమ్మూ తప్ప ఏముంటాయి? 'దీనిక్కూడా టీవీ పిచ్చి పట్టిందర్రా' అని బామ్మ నవ్వుతుంది.

కుక్కల్ని పెంచుకునే ఇళ్లలో ఇది చాలామందికి తెలిసిన తతంగమే. గుర్రం కనిపిస్తే మొరిగేది ఒకటి, కాలింగ్‌బెల్ మోగితే వీధి తలుపు దగ్గరికి ఉరికేది ఇంకొకటి, ఎన్ని సినిమాలు వేసినా కన్నెత్తి చూడనిది మరొకటి. ఇంతకీ ఆ పెట్టెలో వాటికి ఏం కనిపిస్తోంది? మనం చూసేదే అవీ చూస్తున్నాయా?

డబ్బా టీవీతో చిక్కేంటంటే...

ఒకప్పుడు మన ఇళ్లలో ఉండే లావుపాటి పిక్చర్‌ట్యూబ్ టీవీల్ని చాలా కుక్కలు అసలు పట్టించుకునేవి కాదు. తప్పు వాటిది కాదు. ఆ టీవీల్లో బొమ్మ సెకనుకు 50 సార్లు వెలిగి ఆరుతుండేది. మామూలుగా సెకనుకు 50, 60 సార్లు మించి వెలిగి ఆరే వెలుతురు మన కంటికి ఆగకుండా వెలుగుతున్నట్టే ఉంటుంది. కుక్క కన్ను అంతకన్నా చురుకు. అది సెకనుకు 70, 80 సార్ల దాకా ఆ మినుకుల్ని విడివిడిగా పట్టేస్తుంది. అంటే మనకు హీరో గుర్రంమీద దూసుకొస్తున్నట్టు కనిపించే చోట దానికి పాడైపోయిన ట్యూబులైటులా మినుకు మినుకుమంటూ ఏదో కనిపించేదన్నమాట!

దానికితోడు ఆ టీవీల లోపలి నుంచి 15,625 హెర్ట్జ్‌ల సన్నటి కీచు చప్పుడొకటి వచ్చేది. పిల్లలకు వినిపించినా వయసు మీరినవారికి వినిపించేది కాదు. మనిషి చెవి మహా అయితే 20,000 హెర్ట్జ్‌ల దాకా వింటుంది. కుక్క చెవి 45,000 దాకా అందుకుంటుంది. ఇక ఆ కీచు దాని చెవిన పడకుండా ఉంటుందా?

ఇప్పటి పల్చటి ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ టీవీలకు ఆ బెడద లేదు. వాటిలో బొమ్మ అలా వెలిగి ఆరిపోదు, తర్వాతి బొమ్మ వచ్చేదాకా నిలిచే ఉంటుంది. పైగా తెర పెద్దది, గోడకు కాస్త కిందగా అమర్చారంటే సరిగ్గా కుక్క కళ్లకు ఎదురుగా ఉంటుంది. టామీలకు ఈమధ్యే టీవీ మీద మోజు పెరిగిందంటే అందుకే.

ఎరుపు తెలీదు... నీలం వదలదు

కుక్కలకు లోకమంతా నలుపూ తెలుపే అని చాలామంది నమ్మకం. అది నిజం కాదని అమెరికాలోని శాంటా బార్బరాలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1989లోనే చూపించారు. రెండు ఇటాలియన్ గ్రేహౌండ్లకూ ఒక పూడిల్‌కూ రంగుల పరీక్ష పెడితే అవి నీలాన్నీ పసుపునూ చక్కగా గుర్తుపట్టాయి. ఎరుపూ ఆకుపచ్చా దగ్గరికొచ్చేసరికే తడబడ్డాయి. మన కంట్లో రంగుల్ని పట్టే కణాలు మూడు రకాలు. వాటికి రెండే.

ఆ లెక్కన టెస్టు మ్యాచ్‌లో పచ్చగడ్డి మీద దొర్లే ఎర్రబంతి రంగును బట్టి దాని కంటికి ఆనడం కష్టం. వన్డేల్లో మనవాళ్ల నీలం జెర్సీ మాత్రం ఇట్టే తెలుస్తుంది. అయినా కొన్ని కుక్కలు బంతి వెంటే తల తిప్పుతాయెందుకూ? అక్కడ పనిచేసేది రంగు కాదు, కదలిక. మనం 75 అడుగుల దూరం నుంచి పోల్చుకునేదాన్ని కుక్క పోల్చుకోవాలంటే 20 అడుగుల దగ్గరికి రావాలి. కానీ ఏదైనా కదిలిందా, మనకన్నా ముందు దానికే తెలుస్తుంది. ఒకప్పుడు 14 పోలీసు కుక్కల్ని పరీక్షిస్తే వాటిలో చురుకైనవి కదులుతున్న వస్తువును 800 మీటర్లకు పైగా దూరం నుంచి పసిగట్టాయి. అదే వస్తువు కదలకుండా ఉంటే 600 మీటర్ల దూరంలోనూ కనిపెట్టలేకపోయాయి!

'ఎవరు' కాదు... 'ఏం చేస్తున్నారు?'

సినిమా చూస్తున్నంతసేపూ మన బుర్ర 'వీడెవడు, ఆవిడెవరు' అని ఆరా తీస్తుంటుంది. మరి కుక్క బుర్ర? అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్నీ తెలుసుకోవాలనుకున్నారు. మత్తు ఇవ్వకుండా, కట్టేయకుండా, స్కానింగ్ యంత్రంలో కదలకుండా పడుకునేలా రెండు కుక్కలకు తర్ఫీదిచ్చారు. అరగంట చొప్పున మూడు విడతలుగా వీడియోలు చూపించారు. అదీ కుక్క కంటి ఎత్తు నుంచి తీసినవి... కుక్కలు ఆడుకోవడం, మనుషులు తిండి పెట్టడం, కార్లు వెళ్లడం లాంటివి. వాటి మెదడులో కదలికల్ని బట్టి తెరమీద ఏముందో కంప్యూటరుతో ఊహింపజేశారు. 2022లో ఫలితాలు బయటపెట్టారు. తెరమీద 'ఏం జరుగుతోందో' 75 నుంచి 88 శాతం దాకా కంప్యూటరు సరిగ్గా చెప్పింది. 'ఎవరున్నారో' మాత్రం చెప్పలేకపోయింది. అదే పరీక్ష మనుషులకు పెడితే రెండూ 99 శాతం సరిపోయాయి.

అంటే టామీకి హీరో ఎవరన్నది అంత ముఖ్యం కాదు. పరుగెత్తుతున్నాడా, తింటున్నాడా అన్నదే ముఖ్యం!

ఒక్కోదానిదీ ఒక్కో తీరు

అలాగని కుక్కలన్నీ ఒకేలా చూస్తాయనుకుంటే పొరపాటే. ఆబర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 453 కుక్కల యజమానుల్ని ప్రశ్నించి 2025లో ఆ వివరాలు ప్రచురించారు. రెండు నెలల కూనల నుంచి 16 ఏళ్ల ముసలివాటి దాకా అందులో ఉన్నాయి. టీవీలో కుక్క అరుపు వినిపిస్తే చాలు, ప్రతిసారీ స్పందించేవి 206. అంటే దాదాపు సగం. అవి తెర ముందు నిలిచేది ఒక్కో విడతకు సగటున 14 నిమిషాలు మాత్రమే. మనలా మూడు గంటల సినిమా చూసే ఓపిక వాటికెక్కడిది!

ఆ సర్వేలో తేలిన అసలు సంగతి మరొకటి. హుషారెక్కువగా ఉండే కుక్కలు తెరమీద కదిలేవాటి వెంటపడతాయి. భయస్తులు మాత్రం కాలింగ్‌బెల్, కారు లాంటి చప్పుళ్లకు ఉలిక్కిపడతాయి. చూడ్డానికి రెండూ గంతులే. మనకు రెండూ సరదాగానే ఉంటాయి. కానీ మొదటిది ఆట, రెండోది బెదురు. ఫోన్లో వీడియో తీసి చుట్టాలకు పంపేముందు ఆ తేడా గమనించాలి. తోక కాళ్ల మధ్య ముడుచుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, పదేపదే మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, మంచం కింద దూరడం... ఇవన్నీ భయానికి గుర్తులు. అప్పుడు చేయాల్సింది నవ్వడం కాదు, ఛానల్ మార్చడం.

గొంతు ఉంది... వాసనేదీ?

పాతతరం ఇళ్లలో గ్రామఫోన్ రికార్డు మీద ఓ కుక్క బొమ్మ ఉండేది, గుర్తుందా? దాని పేరు నిప్పర్. యజమాని గొంతు వింటున్నట్టుగా ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు దాన్ని గీస్తే, 1899లో గ్రామఫోన్ కంపెనీ ఆ బొమ్మను కొనుక్కుంది. 'హెచ్ఎంవీ' అంటే 'యజమాని గొంతు' అనే. మరి నిజంగా పెట్టెలోంచి వచ్చే గొంతును కుక్క గుర్తుపడుతుందా? జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం వాళ్లు 28 కుక్కలకు ముందు ఓ గొంతు వినిపించి, తర్వాత కంప్యూటర్ తెరమీద ఓ ముఖం చూపించారు. యజమాని గొంతు వినిపించాక వేరేవాళ్ల ముఖం కనిపిస్తే అవి ఆ తెరవైపు ఎక్కువసేపు చూశాయి. 'ఇదేంటీ, ఆయన రావాలిగా' అన్నట్టు! 2007లో వచ్చిందీ ఫలితం.

అమెరికాలో ఉన్న అబ్బాయి వీడియోకాల్‌లో పేరుపెట్టి పిలవగానే ఫోన్ చుట్టూ తిరిగి, ఆ తర్వాత గేటు దగ్గరికి పరుగెత్తే కుక్కల్ని చాలామంది అమ్మానాన్నలు చూసే ఉంటారు. గొంతు వాడిదే. కానీ కుక్కకు మనిషంటే ముందుగా వాసన. అది ఫోన్లోంచి రాదు. అందుకే గేటు దగ్గర వెతుకులాట.

ఒంటరితనానికి టీవీ మందా?

కుక్కల కోసమే ఓ ఛానల్ ఉందని తెలుసా? పేరు 'డాగ్‌టీవీ'. 2012లో అమెరికాలోని శాన్‌డియాగోలో మొదలైంది. కుక్క కంటికి తగ్గట్టు రంగుల్నీ, చెవికి తగ్గట్టు చప్పుళ్లనూ సర్దిన చిన్నచిన్న దృశ్యాలు అందులో వస్తాయి. కొన్ని నిదానపరిచేవి, కొన్ని ఉత్సాహపరిచేవి, ఇంకొన్ని వీధి చప్పుళ్లూ కాలింగ్‌బెల్లూ అలవాటు చేసేవి.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే అపార్ట్‌మెంటు ఇళ్లలో కుక్క కోసం టీవీ పెట్టి తాళం వేసుకు వెళ్లేవాళ్లున్నారు. బయటి చప్పుళ్లు అంతగా వినపడకుండా అది కొంత అడ్డు కావచ్చు. కానీ 14 నిమిషాలు చూసేదానికి తొమ్మిది గంటల ఒంటరితనం టీవీతో తీరుతుందా? తలుపులు గీకడం, ఏకధాటిగా ఏడవడం, ఇంట్లో తడిపేయడం లాంటివి చేస్తోందంటే దానికి కావాల్సింది మరో ఛానల్ కాదు, మనిషి. పొద్దున్నే ఓ అరగంట నడక, మధ్యాహ్నం ఎవరైనా ఒకసారి వచ్చి పలకరించే ఏర్పాటు ఏ టీవీకన్నా మేలు.

టీవీ పెట్టి వెళ్లాలనుకుంటే మాత్రం కొన్ని జాగ్రత్తలు:

* ముందు మీరు ఇంట్లో ఉన్నప్పుడే ఆ కార్యక్రమం పెట్టి, అది ఎలా ఉంటోందో గమనించండి.
* సౌండు తగ్గించండి. మీకు సరిపోయేదే దానికి ఎక్కువ.
* తుపాకులూ బాంబులూ పేలే సినిమాలు వద్దు. దీపావళి టపాసులకు హడలిపోయే కుక్కలైతే మరీనూ.
* టీవీని గోడకు గట్టిగా బిగించండి. పిల్లి కనిపించగానే దూకితే తెరా పగులుతుంది, కుక్కకూ దెబ్బ తగులుతుంది.
* తెరమీద కుక్కల్ని చూసి మొరుగుతుంటే అరవకండి. మీరూ తనతోపాటే మొరుగుతున్నారనుకోవచ్చు! పేరుపెట్టి పిలిచి, వచ్చాక ఓ బిస్కెట్ ఇవ్వండి.

చూడటం మానేస్తే...

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలో పశువుల కంటివైద్య నిపుణులు 1,246 మంది యజమానుల్ని 'మీ కుక్క టీవీలో ఏం చూస్తుంది' అని అడిగారు. ఆ వివరాలు 2024లో వచ్చాయి. జంతువుల్ని, అందులోనూ తోటి కుక్కల్ని చూడటమే వాటికి ఇష్టమట. గొర్రెల్ని కాసే జాతులూ వేటకు వాడే జాతులూ ఎక్కువ ఆసక్తి చూపాయి. మరి కంటి డాక్టర్లకు ఈ సరదా ప్రశ్నలెందుకు? ఎందుకంటే కుక్క చూపు కొలవడానికి సరైన సాధనాలు వాళ్ల దగ్గర తక్కువ. గోడమీది అక్షరాలు చదవమని దాన్ని అడగలేరుగా! తెరమీద దానికి నచ్చే బొమ్మ వేసి, చూస్తోందో లేదో గమనించే పరీక్ష తయారుచేయొచ్చన్నది వాళ్ల ఆలోచన. వయసు పైబడ్డవీ చూపు తగ్గినవీ టీవీని అంతగా పట్టించుకోవట్లేదని ఆ సర్వేలో తేలింది కూడా.

చూపు మందగించినా కుక్క ఆ సంగతి చెప్పుకోలేదు. తెలిసిన ఇల్లు కాబట్టి వాసన పట్టుకుని, అలవాటు మీద నడిచేస్తుంది. ఇంట్లోవాళ్లకు అనుమానమే రాదు. అన్నాళ్లూ పిల్లి కనిపిస్తే ఎగిరి గంతేసిన టామీ ఈమధ్య తలెత్తి చూడట్లేదంటే 'పెద్దదైంది, బుద్ధొచ్చింది' అనుకుని ఊరుకోకూడదు. శుక్లం కావచ్చు, షుగరు కావచ్చు, చెవి మందగించి ఉండొచ్చు. వెంటనే పశువుల డాక్టరుకు చూపిస్తే కొన్నిటికి వైద్యం ఉంది, మరికొన్నిటికి కనీసం జాగ్రత్త పడొచ్చు.

టీవీ చూసే కుక్కను చూసి నవ్వుకోవచ్చు, తప్పులేదు. చూడటం మానేసిన కుక్కనే కాస్త పట్టించుకోవాలి!